వెనక ఎడమ చక్రం

జనవరి 8, గురువారం

కారు వచ్చింది.

లారీ మీంచి దించి షెడ్డులో మూడో గడిలో పెట్టించాను. ఏడు నెలలు ఇన్సూరెన్సు వాళ్ల యార్డులో ఎండకి ఎండి వానకి తడిసింది. టార్పాలిన్ తీస్తే సీట్ల నిండా ఎండుటాకులు. ముందు భాగం చెక్కు చెదరలేదు. తలుపులు రెండూ తెరుచుకుంటున్నాయి. వెనక కుడి పక్క గీరుకుపోయింది, అంతే. వెనక ఎడమ పక్క టార్పాలిన్ అలాగే ఉంచాను. తర్వాత చూడొచ్చు.

మా వర్క్‌షాపులో ప్రతి కారుకీ ఒక నోటుపుస్తకం పెడతాను. కొలతలు, బోల్టు సైజులు, ఏ రోజు ఏం విప్పాం, ఏం బిగించాం. ఇదీ అలాంటిదే. మొదటి పేజీలో కారు వెడల్పు రాద్దామని కూర్చుంటే కొలత బదులు ఇదంతా వచ్చింది. చింపేద్దామనుకున్నాను. కుట్టు పుస్తకం, ఒక కాగితం చింపితే అవతలిది ఊడుతుంది. పోనీలే, ఉండనీ.

బావ ఫోన్ చేశాడు. "వచ్చిందా నా రెండో పెళ్లాం?" అన్నాడు. ఆ మాటంటే అక్కకి ఒళ్లుమంట. వచ్చింది బావా అన్నాను. "ఎలా ఉందిరా?" నీకంటే నయం అన్నాను. ఇద్దరం పగలబడి నవ్వాం. ఫోన్ పెట్టేశాక బాత్రూంలోకి వెళ్లి, కుళాయి తిప్పుకుని చాలాసేపు నిలబడ్డాను.

జనవరి 9

పని ఒక్క ముక్కలో: నడుం కింద స్పర్శ లేని మనిషి ఈ కారుని చేతులతో నడపాలి.

ఆ మనిషి మా బావ. అక్క మొగుడు. పంతొమ్మిదేళ్లు డ్రైవింగ్ స్కూలు నడిపాడు. ఊళ్లో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది ఆయనే, నాకూ ఆయనే. అద్దం చూడకుండా మలుపు తిప్పితే చెవి మెలిపెట్టేవాడు. ఇన్నేళ్లలో ఒక్క జరిమానా లేదు. అలాంటి మనిషికి నలభై మూడో ఏట పిచ్చి పట్టింది. ఇంజను సీట్ల వెనక ఉండే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, సగం కాలిపోయినది, వేలంలో కొన్నాడు. మూడేళ్లపాటు ఆదివారం ఆదివారం ఇద్దరం దాన్ని మళ్లీ కట్టాం. నేలకి నాలుగు వేళ్ల ఎత్తుకి దించాం. వెడల్పు చక్రాలు వేశాం. వెనక చక్రాలని పట్టి ఉంచే ఆర్మ్‌లు నేనే కోసి, నేనే వెల్డింగ్ చేసి తయారుచేశాను. బరువు తగ్గాలని ఏసీ పీకేశాం, స్పీడు రికార్డు చేసే డబ్బా కూడా పీకేశాం. నిజానికి ఆయనకి వేగం అక్కర్లేదు. "సరిగ్గా కట్టిన బండి మలుపులో ఎలా తిరుగుతుందో ఒక్కసారి చూడాలిరా" అనేవాడు.

కిందటి జూన్ రెండున మొదటిసారి రోడ్డెక్కించాడు. క్వారీ దాటాక వచ్చే మలుపులో కారు గిర్రున తిరిగి గోడకి గుద్దుకుంది. రిపోర్టులో ఒకటే మాట రాశారు. అతివేగం.

జనవరి 11, ఆదివారం

అక్క ఇంట్లో భోజనం. అక్కా బావా ఇంకా నా ద్వారానే మాట్లాడుకుంటున్నారు. ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. అక్క అంటుంది, "మందులు కిటికీలో పెట్టానని మీ బావగారికి చెప్పరా." బావ అంటాడు, "చూశానని మీ అక్కగారికి చెప్పరా." నేను పోస్టుమాన్‌ని.

ఆసుపత్రిలో కళ్లు తెరిచిన రోజున బావ అక్కతో చెప్పాడు, నేను వేగంగా వెళ్లలేదే, అరవై కూడా దాటలేదు అని. అక్క నమ్మలేదు. నమ్మమంటే ఎలా నమ్ముతుంది, రిపోర్టు కళ్లముందు పెట్టుకుని. ఇవాళ గిన్నెలు సర్దుతూ మళ్లీ మొదలెట్టింది. "ఊరందరికీ నెమ్మది నెమ్మది అని నేర్పిన మనిషి. ఒక్క రోజు సరదాకి నన్నూ ఇంటినీ గోడకేసి కొట్టారు. కొట్టారు సరే, నా మొహం మీద అబద్ధం కూడానా?"

అక్క లోపలికి వెళ్లాక నాతో అన్నాడు, "నిజంగానే తొక్కానేమోరా. ఆ కాలినే అడుగుదామంటే అది పలకదు."

కూర బాగుందక్కా అన్నాను. ఇంకొంచెం వెయ్యమని కూడా అన్నాను.

జనవరి 14

బావ కుర్చీలో వర్క్‌షాపుకి వచ్చాడు. స్నానాలగదిలో బరువు చూసుకునే మిషను ఒకటి గోడకి ఆనించి, కూర్చున్న చోటు నుంచే ఒక చేత్తో తొయ్యమన్నాను. ముప్పై ఎనిమిది కిలోలు. రెండోసారి నలభై ఒకటి. ఈ కారు బ్రేకు కాలితో తొక్కడానికే మహా గట్టి. స్టీరింగ్ పక్కన కడ్డీ పెట్టాలి. ముందుకి తోస్తే బ్రేకు, కిందికి నొక్కితే యాక్సిలరేటర్. కడ్డీ పొడవు, ఇరుసు ఎక్కడ పెట్టాలి, రెండూ ఆ నలభై కిలోల లెక్కన వెయ్యాలి. గేర్లు ఎలాగూ స్టీరింగ్ వెనక వేళ్లతో మార్చేవే. పెడళ్ల మీదికి పాదాలు జారకుండా ఒక రేకు అడ్డం పెట్టాలి. సీటు పక్క దిండు రెండంగుళాలు కోస్తే కుర్చీలోంచి జారి కూర్చోగలడు.

"నీ లెక్కలు నాకెందుకు గానీ ప్రొఫెసరూ," అన్నాడు బావ, "చివర్లో నీ పసుపు గీత పెట్టు. నాకదే చాలు."

పక్క గడిలో బళ్లకి రంగులు వేసే మా రంగులాయన నవ్వాడు. నేనూ నవ్వాను.

జనవరి 15

వెనక ఎడమ పక్క ఇవాళ చూద్దామనుకున్నాను. కుదర్లేదు.

జనవరి 16

కుదర్లేదు.

జనవరి 19

మా షెడ్డులో పసుపు గీత రూలు పెట్టింది నేనే. ఎంత బలంతో బిగించాలో ముందే పెట్టుకుంటే, అంతకి చేరగానే టక్కుమనే పానా ఉంటుంది. టక్కుమన్నాక బోల్టు తల మీంచి ఇనుము మీదికి పసుపు రంగుతో ఒక గీత గియ్యాలి. గీత ఉన్న బోల్టు మీద మళ్లీ ఎవ్వరూ పానా పెట్టకూడదు. పెడితే అతిగా బిగిసి విరుగుతుంది. ఈ రూలు పెట్టాక పన్నెండేళ్లలో ఒక్క చక్రం ఊడలేదు. వర్క్‌షాపు ఓనరు కొత్తవాళ్లందరికీ నన్ను చూపించి చెప్తాడు.

జూన్ ఒకటి, ఆదివారం. కారు జాకీల మీద ఉంది. రంగులాయన ఇంటికి బయల్దేరుతూ, వెలుతురు బాగుంది, కింద భాగం ఫోటోలు తీసి గోడకి పెట్టుకుందాం అన్నాడు. బావ, "గీతలు కూడా పడాలిరా, పని పూర్తయినట్టు కనబడాలి" అన్నాడు. సరేనని వెనక పద్నాలుగు బోల్టులకీ ముందే గీతలు గీసేశాను. ఫోటోలు తీశారు. తర్వాత టక్కుమనే పానా తీసుకుని ఒక్కొక్కటే బిగించాను. కుడి పక్క నుంచి మొదలుపెట్టాను. ఎడమ పక్కకి వచ్చేసరికి అక్క ఫోన్, భోజనాలు చల్లారిపోతున్నాయని. బావ గోల, పద పద అని. వెళ్లి తినొచ్చాం. వచ్చి మిగిలినవి బిగించాను. మామూలుగా రెండో మనిషి చూసి ఓకే అనాలి. రంగులాయన మర్నాడు పొద్దున్నే వంగి చూశాడు. పద్నాలుగు గీతలున్నాయి. ఓకే అన్నాడు.

బిగించాను. తినొచ్చి బిగించాను. టక్కుమనడం విన్నాను.

జనవరి 22

లైసెన్సు ఆఫీసు నుంచి బావకి ఉత్తరం. ఫిబ్రవరి 16న విచారణ. అతివేగంగా నడిపానని రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఫైలు మూసేస్తారట. ఇక జన్మలో డ్రైవింగ్ నేర్పే లైసెన్సు ఇవ్వరు. కానీ చేతులతో నడిపే కారుకి లైసెన్సు పరీక్షకి రానిస్తారు. ఒప్పుకోకపోతే ఏళ్లు పడుతుంది.

"ఒప్పేసుకుంటాను" అన్నాడు బావ. "స్కూలు ఎలాగూ పోయింది. కనీసం ఇదైనా నడుపుకుంటాను కదరా."

స్కూలు బోర్డు అక్క కిందటి నెలే దింపించేసింది. వంటింట్లో గోడకి తిప్పి పెట్టి ఉంది.

నువ్వు అంత వేగంగా వెళ్లావా బావా అని అడిగాను. ఎందుకు అడిగానో తెలీదు. "వెళ్లకపోతే కారు ఎందుకు తిరుగుతుందిరా? నువ్వు కట్టిన బండి" అన్నాడు.

జనవరి 25, ఆదివారం

పనుందని చెప్పి అక్క ఇంటికి వెళ్లలేదు. షెడ్డులో ఎవరూ లేరు. టార్పాలిన్ తీశాను.

చక్రం, ఆర్మ్ ఆ రోజే ఊడి ఎక్కడో పడిపోయాయి, యార్డు వాళ్లు తేలేదు. మిగిలింది ఆర్మ్ తగిలించే దిమ్మ. అందులో మూడు బోల్టు రంధ్రాలు. రెండింట్లో విరిగిన బోల్టు మొండాలు ఇరుక్కుని ఉన్నాయి. బోల్టు విరిగితే అలాగే ఉంటుంది. మూడోది, పైది, ఖాళీ. టార్చి వేసి చూశాను. లోపల మర చుట్టలు ఒక్కటి కూడా నలగలేదు. వేలు పెట్టి తిప్పి చూశాను, నున్నగా ఉన్నాయి. విరిగిన బోల్టు అలా పోదు. తిరిగి తిరిగి వదులై వచ్చేసిన బోల్టు అలా పోతుంది. పైది ముందు వచ్చేస్తే భారమంతా మిగతా రెండింటి మీద పడి అవి తెగుతాయి.

లేదా బోల్టు నాసిరకం కావచ్చు. లేదా గుద్దుకున్నప్పుడు మర జారి ఉండొచ్చు. గోడకి తగిలిన దెబ్బకి ఏమైనా అవుతుంది. పన్నెండేళ్లుగా నేను ఒక్కటి మర్చిపోలేదు.

ఆ మూల ఎలాగూ కొత్తది కట్టాలి. పాడైన భాగం కోసేయడం ఈ పనిలో మామూలే. కటింగ్ మిషను పెట్టి దిమ్మ కోసి, పాత ఇనుము డ్రమ్ములో పడేశాను. దాని మీద వేరే తుక్కు కూడా వేశాను, డ్రమ్ము నిండాలని.

జనవరి 27

పాత ఇనుము బండి వచ్చి వెళ్లింది.

జనవరి 30

కడ్డీ బిగింపు పూర్తి. ఇరుసుకి నాలుగు బోల్టులు. బిగించాను, టక్కుమంది. సరిగ్గా వినబడిందా అని మళ్లీ పెట్టాను. టక్కుమంది. మూడోసారి పెట్టాను. రంగులాయన పక్క గడిలోంచి, "ఏంటి గురూ, దానికి చక్కిలిగిలి పెడుతున్నావా?" అన్నాడు. ఎన్నిసార్లు పెట్టానో నాకే తెలీదు. బోల్టు తల తెగి చేతిలోకి వచ్చింది.

కొత్తది వేశాను. రెండుసార్లు మాత్రమే బిగించాను. తర్వాత మూడోసారి.

ఫిబ్రవరి 1, ఆదివారం

అక్క బావతో మాట్లాడింది! నా ద్వారా కాదు, నేరుగా. "ఏమండీ, ఇంకో ముద్ద పెట్టుకోండి" అంది. నా చేతిలో గ్లాసు ఆగిపోయింది.

వంటింట్లోకి వెళ్లి సంగతేంటని అడిగాను. అక్క కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. "నిన్న నా దగ్గర ఒప్పుకున్నారురా. వేగంగానే వెళ్లాను, భయపడి అబద్ధం చెప్పాను, క్షమించు అన్నారు. నాకు కావలసింది అదే. కాళ్లు పోయినందుకు కాదురా నా ఏడుపు. ఇన్నేళ్లు కాపురం చేసి నాతో అబద్ధం ఆడారని."

ఇంట్లో గాలి మారింది. బావ జోకులేస్తున్నాడు, అక్క కసురుకుంటోంది, పాతలాగే. అంటే ఇదే మంచిదన్నమాట. నేను నోరు విప్పితే ఇదంతా మళ్లీ చెదిరిపోతుంది. ఎవరికి లాభం? దేవుడు కూడా ఒక్కోసారి చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. నేను వాళ్ల కోసమే ఊరుకుంటున్నాను.

వాళ్ల కోసమే.

ఫిబ్రవరి 4

బావ కాగితం ముందు పెట్టాడు. "నువ్వు రాసిపెట్టరా. నీవి ముత్యాల్లాంటి అక్షరాలు. నా రాత చూస్తే ఆఫీసరు ఇంకో కేసు పెడతాడు."

ఆయన చెప్తుంటే నేను రాశాను. "జూన్ రెండవ తేదీ ఉదయం నేను పరిమితికి మించిన వేగంతో వాహనం నడిపి, నా నిర్లక్ష్యం వల్ల ప్రమాదానికి కారణమయ్యాను." నిర్లక్ష్యం అనే మాట దగ్గర పెన్ను ఆగితే, "ఒత్తు సరిగా పెట్టు" అన్నాడు.

ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. కింద సంతకానికి చోటు వదిలాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

బావ కారు నడిపాడు.

వర్క్‌షాపు వెనక ఖాళీ స్థలంలోనే, పదిహేను ఇరవై వేగంతో. ముందు రెండు చేతుల బలం మీద లేచి, తలుపు గడప మీద కూర్చుని, అక్కడి నుంచి సీట్లోకి జారాడు. కాళ్లు రెండూ చేతులతో ఎత్తి లోపల పెట్టుకున్నాడు. పాదాలకి పట్టీ నేను కట్టాను. కడ్డీ మెల్లగా కిందికి నొక్కాడు. ఇంజను గొంతు సవరించుకుని కదిలింది. నాలుగు చుట్లు తిప్పాడు. ఐదో చుట్టులో ఆయన నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు, వినబడలేదు. అక్క గట్టు మీద నిలబడి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, ఏడుస్తోంది. ఓనరు కూడా చప్పట్లు కొట్టాడు.

నేను వెనక ఎడమ చక్రం వైపే చూస్తూ నిలబడ్డాను. కొత్త దిమ్మ, కొత్త ఆర్మ్, కొత్త బోల్టులు.

ఫిబ్రవరి 11

రంగులాయన అడిగాడు, "పని అయిపోయింది కదా, గీతలు పెట్టలేదేం?" పెడతాలే అన్నాను. రంగు పెన్ను మూత తీసి కారు కింద పడుకున్నాను. గీత పెట్టలేదు. రంగు ఎండిపోయిందని చెప్పాను.

ఆయన కొత్త పెన్ను తెచ్చి నా పెట్టె మీద పెట్టి వెళ్లాడు.

ఫిబ్రవరి 12

పొద్దున్నే బావ ఫోన్. గొంతు వేరేగా ఉంది. ఒక్కసారి రా అన్నాడు.

వెళ్లాను. అక్క బయటికి వెళ్లింది. బావ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు.

"గుర్తొచ్చిందిరా" అన్నాడు.

ఏం గుర్తొచ్చింది అన్నాను.

"అంతా. క్వారీ దాటాను. రోడ్డు ఖాళీ. ఒక్కసారి చూద్దాం అనిపించింది. తొక్కాను. స్పీడు ముల్లు నూట పది మీద ఉంది, నా కళ్లతో చూశాను. నూట పది. మలుపు కనబడుతూనే ఉంది, అయినా కాలు తియ్యలేదు. కావాలనే తియ్యలేదురా."

బావా అలా కాదు అన్నాను.

"నీకేం తెలుసు? నువ్వున్నావా అక్కడ?" అన్నాడు. "ఇన్నాళ్లూ ఒప్పుకుంటున్నానే గానీ నిజంగా చేశానని నాకే తెలీదు. ఇప్పుడు తెలిసింది. అదే మలుపులో ఎదురుగా స్కూలు పిల్లల బస్సు వచ్చుంటే? పంతొమ్మిదేళ్లు నేను నేర్పిందంతా నటనేనా?" కుర్చీ నా వైపు తిప్పి అన్నాడు, "ఆ కారు తుక్కు చేసెయ్. నాలాంటి వాడి చేతికి స్టీరింగ్ ఇవ్వకూడదు. కాగితం మీద సంతకం పెట్టి వచ్చేస్తాను. లైసెన్సు పరీక్ష కూడా వద్దు."

ఆయన ముల్లు ఎక్కడుందో వేలితో గాలిలో చూపించాడు. నేను రాసిచ్చిన అబద్ధం చదివీ చదివీ, ఆయన దాన్ని కళ్లారా చూశాడు.

ఫిబ్రవరి 13

ఏం రాయను.

ఫిబ్రవరి 14, శనివారం

చెప్పాను.

వాళ్లింట్లో, ముందుగదిలో, మధ్యాహ్నం. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. గీతలు ముందే గీయడం, ఫోటోలు, భోజనానికి పిలుపు, తినొచ్చాక నేను చేసినది, చేయనిది, మర నలగని రంధ్రం, అన్నీ వరసగా చెప్పాను. నా మాట నాకే ఎవరిదో అనిపించింది.

బావ నవ్వాడు. నవ్వుతూనే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పిచ్చి సన్నాసీ" అన్నాడు. "నా కోసం ఇంతకి తెగిస్తావనుకోలేదురా."

బావా, నిజం అన్నాను.

"ఏదీ, ఆ దిమ్మ చూపించు."

కోసేశాను.

"కోస్తే కోశావు, ముక్క ఏది?"

పాత ఇనుములో పోయింది.

"చూశావా! అబద్ధం ఆడటం కూడా రాదు నీకు" అని కుర్చీ ముందుకి తోసుకొచ్చి నా తల మీద చెయ్యి వేశాడు. "పన్నెండేళ్లలో ఒక్క బోల్టు వదల్లేదు, నా బండికే వదిలావా? నూట పది నేను చూశానురా, నా కళ్లతో చూశాను. నీలాంటి బావమరిది ఎవడికుంటాడు? కానీ నా తప్పు నేనే మోస్తాను. ఇంక ఈ మాట ఎక్కడా అనకు, నీ పొట్టకూడు పోతుంది."

నేను ఆయన కాళ్లు పట్టుకున్నాను. పట్టుకున్నట్టు కూడా ఆయనకి తెలీదు. "ఏయ్, లే, మీ అక్క చూస్తోంది" అన్నాడు.

అక్క గుమ్మంలో లేదు.

ఫిబ్రవరి 15, ఆదివారం

అక్క వర్క్‌షాపుకి వచ్చింది. ఈ షెడ్డులో ఎప్పుడూ అడుగుపెట్టలేదు. కారు దగ్గరికి వెళ్లి, వంగి, వెనక ఎడమ చక్రం వైపు చూసింది. ఎక్కడ అని అడిగింది. చూపించాను.

"ఆయన నమ్మలేదు. నేను నమ్మాను" అంది. "నువ్వు అబద్ధం ఆడేటప్పుడు నవ్వుతావు. చిన్నప్పటి నుంచీ అంతే. నిన్న నవ్వలేదు."

అక్కా అన్నాను.

"ఆగు. బోల్టు మర్చిపోయావు. మనిషివి, మర్చిపోతావు, దానికి నేను ఏడుస్తాను గానీ నిన్ను తిట్టను. కానీ ఎనిమిది నెలలురా. ఆదివారం ఆదివారం నా ఎదురుగా కూర్చున్నావు. కాళ్లు లేని మనిషిని నేను అబద్ధాలకోరు అంటుంటే విన్నావు. మా కాపురానికి హంతకుడు అని కూడా అన్నాను ఒకసారి, గుర్తుందా? నువ్వు తల వంచుకుని తింటున్నావు. చెయ్యని తప్పుకి ఆయన నా ముందు చేతులు జోడించారు. ఆ రోజు నాకెంత సంతోషమేసిందో నీకు తెలుసు. వంటింట్లోకి వచ్చి ఏమైందక్కా అని అడిగావు. అదేం మర్చిపోవడంరా?"

ఆమె గొంతు పెంచలేదు. నేను వాళ్ల కోసం ఊరుకోలేదు, నా కోసమే ఊరుకున్నాను. నా పేరు కోసం, ఓనరు ముందు నా రూలు కోసం, అక్క చేతి భోజనం కోసం. భయంతో ఊరుకున్నాను. పిరికివాడిని.

"రేపు పది గంటలకి ఆయన సంతకం పెడతారు" అంది వెళ్తూ. "నేను రాత్రంతా చెప్పాను. వినడం లేదు. తమ్ముడికి నేను కూడా వంత పాడుతున్నానట. ఆ నూట పది ఆయన బుర్రలోంచి ఎలా తీస్తావో నాకు తెలీదు. పెట్టింది నువ్వు, తియ్యి."

ఓనరుకి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి, కిటికీ దాకా వెళ్లి, వెనక్కి వచ్చాడు. రేపటి నుంచి పనిలోకి రావద్దన్నాడు. తర్వాత రంగులాయన్ని పిలిచి ఈ కారు మొత్తం మొదటి నుంచీ చూడమన్నాడు. రంగులాయన నా మొహం చూడలేదు. ఆ రోజు వంగి ఓకే అన్నది తనే అని ఆయన అనలేదు, నేనూ అనలేదు.

ఫిబ్రవరి 16, సోమవారం

లైసెన్సు ఆఫీసు వరండా. తొమ్మిదీ ముప్పావు. తలుపు ఇంకా తియ్యలేదు. బల్ల మీద ఈ చివర నేను కూర్చుని రాస్తున్నాను. ఆ చివర బావ కుర్చీ, పక్కన అక్క. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఒళ్లో ఫైలు, ఫైల్లో నా అక్షరాలు. నన్ను చూసి కన్ను కొట్టాడు. అక్క గోడ వైపు చూస్తోంది.

లోపలికి వెళ్లాక ఆఫీసరుకి నేనూ చెప్తాను. కానీ బంధువు మాట, చేతిలో ఇనుప ముక్క లేదు. ఎదురుగా ఆయన సంతకం ఉంటుంది. ఎవరి మాట నమ్ముతారు?

ముందు బావ నమ్మాలి. పొద్దున్న ఇది మొదటి నుంచీ చదివాను. సిగ్గుతో చచ్చాను. బిగించాను, బిగించాను అని ఎన్నిసార్లు రాశానో. విన్నాను అని రాశాను. వాళ్ల కోసమే అని రెండుసార్లు రాశాను. దిమ్మ కోసిన రోజు తుక్కు పైన తుక్కు వేశానని కూడా నా చేత్తో నేనే రాశాను. బావని రక్షించాలనుకునేవాడు ఇలా రాయడు. తనని తాను రక్షించుకునేవాడు రాస్తాడు. ఇది చదివితే ఆయన నమ్ముతాడు. నమ్మాక ఇక నా తల మీద చెయ్యి వెయ్యడు, నన్ను చూసి కన్ను కొట్టడు. ఇంత వివరంగా ఎనిమిది నెలల నా మొహం చూశాక ఎవరైనా ఏం చేస్తారు?

గుమస్తా వచ్చి తాళం తీస్తున్నాడు. పేరు పిలవడానికి ఇంకో ఐదు నిమిషాలు పడుతుంది. లేచి వెళ్లి ఈ పుస్తకం ఆయన ఒళ్లో, ఆ ఫైలు మీద పెడతాను. ఆయన నిదానంగా చదివే మనిషి, ఐదు నిమిషాల్లో అంతా చదవలేడు, ముందు చివరి పేజీయే తిప్పుతాడు. అందుకని ఇన్ని పేజీల్లోనూ రాయనిది ఇక్కడ రాస్తున్నాను.

బావా, ఆ బోల్టు నేను బిగించలేదు.